వెబ్ సర్వర్‌కు ప్యాచ్ వేయడానికి ఏ దారి పట్టాలి?

2021 సెప్టెంబరు మధ్యలో, వెబ్‌సైటు పేజీలను అందించే సాఫ్ట్‌వేర్ అయిన అపాచీ వెబ్ సర్వర్ 2.4.49 విడుదలైంది. వచ్చిన రిక్వెస్టులను వేరే సర్వర్లకు చేరవేసే మాడ్‌ప్రాక్సీ అనే మాడ్యూల్‌లోని ఒక తీవ్రమైన లోపానికి అందులో సవరణ ఉండటంతో, భద్రత విషయంలో అప్రమత్తంగా ఉండేవాళ్లు ఆలస్యం చేయకుండా ఎక్కించుకున్నారు. ఎక్కించుకున్నవాళ్లే ఇరుక్కున్నారు. ఫైళ్ల దారులను చదివే కోడ్‌ను ఆ వెర్షన్‌లో తిరగరాయడంతో, అంతకుముందు ఏ వెర్షన్‌లోనూ లేని లోపం ఒకటి కొత్తగా పుట్టింది. భద్రతా లోపాలకు నంబర్లు ఇచ్చే సీవీఈ జాబితాలో దానికి సీవీఈ-2021-41773 అని నంబరు పడింది. 2.4.48 దగ్గరో, అంతకంటే వెనకో ఉండిపోయినవాళ్లను అది తాకనే లేదు.

దీన్ని చూపించి 'అప్‌డేట్లు నిదానంగా చేయడమే మేలు' అని ఇప్పటికీ వాదించేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. అయితే ఆ మూడు వారాల్లో ఎవరు ఏ దారిలో వెళ్లి ఎక్కడ తేలారో చూస్తే, ప్యాచ్ (లోపాన్ని సరిచేసే సవరణ) వేసే పద్ధతుల్లో దేన్ని ఎంచుకోవాలో చాలావరకు తెలిసిపోతుంది. అందుకే ఈ పోలికకు ఆ ఉదంతాన్నే కొలబద్దగా తీసుకుంటున్నాను.

ముందు లోపం సంగతి. వెబ్ చిరునామాలో రెండు చుక్కలు, ఒక ఏటవాలు గీత వస్తే 'పై ఫోల్డరుకు వెళ్లు' అని అర్థం. ఇలాంటివాటిని సర్వర్ పసిగట్టి అడ్డుకోవాలి. 2.4.49లో ఒక చుక్కను మామూలుగా, రెండో చుక్కను శాతం గుర్తుతో మొదలయ్యే సంకేతంగా రాస్తే ఆ తనిఖీకి చిక్కేది కాదు. దాంతో వెబ్‌సైటు ఫోల్డరు దాటి, సర్వర్‌లోని వేరే ఫైళ్లను బయటివాళ్లు చదవగలిగారు. సర్వర్ మీద ప్రోగ్రాములను నడిపించే సీజీఐ మాడ్యూల్ కూడా నడుస్తూ ఉంటే వ్యవహారం చదవడంతో ఆగదు. ఏకంగా సర్వర్ మీద ఆదేశాలే నడపవచ్చు.

అపాచీకి ఈ సంగతి సెప్టెంబరు 29న తెలిసింది. అక్టోబరు 4న 2.4.50 వచ్చింది. అప్పటికే దాడులు సాగుతున్నాయని అపాచీ తన ప్రకటనలోనే చెప్పింది. ఇంటర్నెట్‌లో ఆ సమయానికి 2.4.49 నడుపుతున్న సర్వర్లు లక్షకు పైగా కనిపించాయి. తీరా చూస్తే 2.4.50లోని సవరణ అరకొరగా తేలింది. సంకేతాన్నే మరోసారి సంకేతంగా మార్చి రాస్తే అది కూడా మోసపోయింది. దానికి సీవీఈ-2021-42013 అని ఇంకో నంబరు, అక్టోబరు 7న 2.4.51 అని ఇంకో విడుదల. మూడు రోజుల తేడాతో రెండుసార్లు ప్యాచ్ వేయాల్సి వచ్చిందన్నమాట.

డిస్ట్రిబ్యూషన్ ఇచ్చే ప్యాకేజీ

ఉబుంటు, డెబియన్, రెడ్ హ్యాట్ లాంటి లినక్స్ డిస్ట్రిబ్యూషన్లు (సాఫ్ట్‌వేర్లను ప్యాకేజీలుగా కట్టి అందించే వ్యవస్థలు) తమ విడుదలతో పాటు ఒక అపాచీ వెర్షన్‌ను ఎంచుకుని, దాదాపు అక్కడే నిలబడతాయి. ఉబుంటు 20.04లో 2.4.41, రెడ్ హ్యాట్ 8లో 2.4.37. కొత్త లోపం బయటపడితే సాధారణంగా అపాచీ వెర్షన్ మొత్తాన్ని మార్చరు. ఆ ఒక్క సవరణను మాత్రం కొత్త వెర్షన్ నుంచి తీసి, పాత కోడ్‌కు అతుకుతారు. దీన్నే బ్యాక్‌పోర్ట్ అంటారు. 2.4.49లో తిరగరాసిన కోడ్ ఈ పాత వెర్షన్లలోకి రాలేదు కాబట్టి, దానితో వచ్చిన లోపమూ రాలేదు. మాడ్‌ప్రాక్సీ సవరణ మాత్రం ఉబుంటు వాళ్లకు సెప్టెంబరు చివర్లోనే అందింది.

డెబియన్ కథ ఇంకా బాగుంటుంది. డెబియన్ 11లో అప్పుడు 2.4.48 ఉండేది. అక్టోబరు 8న వచ్చిన భద్రతా అప్‌డేట్‌తో అది నేరుగా 2.4.51కి దూకింది. 49, 50 వెర్షన్ల మొహం చూడకుండానే గట్టెక్కింది. అదే అప్‌డేట్‌లో డెబియన్ 10కి మాత్రం 2.4.38 పేరు అలాగే ఉంచి సవరణలు అతికారు.

ఇక్కడ రెండు విషయాలు దాచకుండా చెప్పాలి. ఒకటి, ఆ నిదానానికి ధర ఉంది. డెబియన్ వాడుతూ మాడ్‌ప్రాక్సీ నడిపినవాళ్లకు పాత లోపం మూడు వారాల పాటు తెరిచే ఉంది. దాన్ని కూడా దాడుల్లో వాడుకున్నారు. అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీఐఎస్ఏ అదే ఏడాది డిసెంబరులో దాన్ని 'దాడులకు గురవుతున్న లోపాల' జాబితాకు ఎక్కించింది. నిదానమే మేలు అనే వాదన కూలేది ఇక్కడే. వెనక ఉన్నవాళ్లు ఒక గుంటను తప్పించుకున్నారు, అదే సమయంలో ఇంకో గుంటలో నిలబడి ఉన్నారు. రెండోది, అతికిన సవరణలూ తేడా చేస్తాయి. ఉబుంటు ఇచ్చిన అప్‌డేట్‌లోని ఒక సవరణ వల్ల యూనిక్స్ సాకెట్ల (ఒకే యంత్రంలోని ప్రోగ్రాములు మాట్లాడుకునే దారుల) ద్వారా ప్రాక్సీ నడిపేవాళ్లకు ఇబ్బంది వచ్చింది. దాన్ని సరిచేస్తూ వెంటనే మరో అప్‌డేట్ ఇవ్వాల్సి వచ్చింది.

అయినా నా ఓటు మొదట దీనికే. కారణం వేగం కాదు. ఈ లోపానికి ప్యాచ్ మీరు వేశారు సరే, వచ్చే నెల రాబోయే లోపాన్ని ఎవరు గమనిస్తారు? ప్యాకేజీ దారిలో ఆ పని చేయడానికి జీతం తీసుకునే బృందమో, ఏళ్లుగా బాధ్యత మోస్తున్న స్వచ్ఛంద బృందమో ఉంటుంది. మిగతా దారులన్నింటిలో ఆ బృందం మీరే.

ఈ దారిలో ఎదురయ్యే పెద్ద తలనొప్పి వెర్షన్ నంబరు. ఆడిట్‌కు వచ్చినవాళ్లు స్కానర్ నడిపి 'మీది 2.4.41, ఇందులో ఇన్ని లోపాలున్నాయి' అని ఎర్రరంగు నివేదిక చేతిలో పెడతారు. స్కానర్ నంబరు చూస్తుంది, లోపల అతికిన సవరణలను చూడదు. 2014 ఏప్రిల్‌లో, ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడ్డప్పుడు కూడా ఇదే గొడవ. ఓపెన్ఎస్ఎస్ఎల్ 1.0.1 నుంచి 1.0.1ఎఫ్ దాకా ప్రమాదం, 1.0.1జీలో సవరణ అని లోకమంతా చెప్పుకుంది. డెబియన్, రెడ్ హ్యాట్ సర్వర్లలో మాత్రం 1.0.1ఈ అనే పేరు మారకుండానే లోపం పోయింది. ఆడిటర్‌తో వాదన పెట్టుకునే బదులు, ప్యాకేజీ మార్పుల చిట్టాలో ఆ సీవీఈ నంబరు ఉన్న వరుసను తీసి చూపించండి. పెద్ద డిస్ట్రిబ్యూషన్లకు సీవీఈ నంబరు వారీగా స్థితి చూపించే పేజీ కూడా ఉంటుంది. కొందరు సర్వర్ తన వెర్షన్ నంబరు బయటపెట్టకుండా సెట్టింగ్ మార్చేసి స్కానర్ నోరు మూయిస్తారు. నంబరు దాచడంలో తప్పు లేదు, కానీ దాన్ని ప్యాచ్ ఖాతాలో వేసుకోకూడదు.

భద్రతా అప్‌డేట్లు వాటంతట అవే ఎక్కే ఏర్పాటును ఆన్‌లో ఉంచమనే నా సలహా. కొత్త ఉబుంటు సర్వర్లలో అది ముందే ఉంటుంది. రెడ్ హ్యాట్ కుటుంబంలో డీఎన్ఎఫ్ ఆటోమేటిక్ అనే పనిముట్టు పెట్టుకోవాలి. అర్ధరాత్రి సైటు ఆగిపోతుందేమో అన్న భయం అర్థమవుతుంది. కానీ ఒక్కరే చూసుకునే చిన్న సర్వర్‌కు, వారం పాటు ఎవరూ గమనించని లోపం అంతకంటే పెద్ద ప్రమాదం.

సొంతంగా కంపైల్ చేసుకోవడం

అంటే అపాచీ ఇచ్చే మూల కోడ్ నుంచి ప్రోగ్రామును మీరే తయారుచేసుకోవడం. అపాచీ విడుదల చేసిన రోజే కొత్త వెర్షన్ మీ చేతిలో ఉంటుంది. అవసరమైన మాడ్యూళ్లే ఉంచుకోవచ్చు. సవరణ తమకు సరిపడేలా మార్చుకునే సత్తా ఉన్న బృందాలకు ఇది నిజంగానే మంచి దారి.

ఆ అక్టోబరులో మాత్రం ఈ దారివాళ్లకు మూడు రోజుల్లో రెండుసార్లు కంపైల్ చేసి, రెండుసార్లు పరీక్షించి, రెండుసార్లు సైటు ఆపి ఎక్కించే పని పడింది. సోమవారం విడుదల చూసి ఎక్కించేసి, గురువారం విడుదల చూడనివాళ్ల సంగతి ఊహించండి. వాళ్ల లెక్కలో ప్యాచ్ అయిపోయింది, కానీ లోపం అలాగే ఉంది. పైగా అపాచీ ఒక్కటే కాదు, దానికి ఆధారమైన ఏపీఆర్, పీసీఆర్ఈ, ఓపెన్ఎస్ఎస్ఎల్ లాంటి లైబ్రరీలను కూడా మీరే కంపైల్ చేసి ఉంటే వాటి లోపాలనూ మీరే వెంబడించాలి.

ఇందులో ఇంకో ఉచ్చు ఉంది, చాలా ఆఫీసుల్లో కనిపించేది. ఎప్పుడో ఒక ఇంజినీరు కంపైల్ చేసిన అపాచీ ఒక ఫోల్డరులో, డిస్ట్రిబ్యూషన్ ఇచ్చిన అపాచీ మరో ఫోల్డరులో ఉంటాయి. ఆ ఇంజినీరు ఉద్యోగం మారి వెళ్లిపోతాడు. కొత్తగా వచ్చినవాళ్లు ప్యాకేజీ అప్‌డేట్ నడిపి, అంతా తాజాగా ఉందన్న సందేశం చూసి తృప్తిపడతారు. హెచ్‌టీటీపీఎస్ రిక్వెస్టులు వచ్చే పోర్టు 443 మీద కూర్చుని జవాబులిచ్చేది మాత్రం ఆ పాతదే. కాబట్టి ఏ దారి ఎంచుకునే ముందైనా, నడుస్తున్న ప్రాసెస్ ఏ ఫైలు నుంచి మొదలైందో చూసి తీరాలి.

కంటైనర్ ఇమేజ్ మార్చడం

సర్వర్‌ను దానికి కావలసినవన్నీ కలిపి ఇమేజ్ అనే మూటగా కట్టి, దాన్ని కంటైనర్‌గా నడిపే డాకర్ లాంటివి వాడేవాళ్లకు పాత సర్వర్‌ను బాగుచేసే అవసరం లేదు. కొత్త ఇమేజ్ కట్టి, పాత కంటైనర్ తీసేసి, కొత్తది నిలబెడితే చాలు. తేడా చేస్తే నిమిషాల్లో వెనక్కి వెళ్లవచ్చు. 2.4.50, 2.4.51 వరుసగా వచ్చిన వారంలో ఈ వెసులుబాటు విలువైనది.

కానీ కొత్త ఇమేజ్ విడుదలైనంత మాత్రాన నడుస్తున్న కంటైనర్ మారదు. ఇమేజ్ పేరు చివర 2.4.49 అని గట్టిగా కట్టేస్తే ఎన్నిసార్లు తిరిగి కట్టినా అదే వస్తుంది. 2.4 అని మాత్రమే రాస్తే తిరిగి కట్టినప్పుడు కొత్తది వస్తుంది, కానీ ఏ రోజు ఏది వచ్చిందో మీకు గుర్తుండదు. నా ఎంపిక మొదటిదే: నంబరు కట్టేసి, దాన్ని మార్చే పనిని వారానికోసారి ఒక మనిషికో, ఒక పనిముట్టుకో అప్పగించడం. నడుస్తున్న కంటైనర్ లోపలికి దూరి అక్కడ అప్‌డేట్ చేసేవాళ్లను చూస్తే మాత్రం జాలి వేస్తుంది. ఆ కంటైనర్‌ను కొత్తగా సృష్టించిన క్షణంలో చేసిందంతా పోతుంది. లోపం యథాస్థానానికి వస్తుంది.

ఇమేజ్‌లను వారం వారం కట్టే అలవాటు మీ దగ్గర ఇప్పటికే ఉంటే ఇది ప్యాకేజీ దారికి సమానమైనది. ఎవరో కట్టిచ్చిన ఇమేజ్‌ను రెండేళ్ల కిందట దించుకుని ముట్టుకోకుండా ఉంచితే, అన్నింటిలోకీ ప్రమాదకరమైన దారి ఇదే.

కాన్ఫిగరేషన్‌తో అడ్డుకట్ట

దీన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు. 'అది తాత్కాలికం, అసలు ప్యాచ్ వేయాలి' అంటారు. నిజమే. కానీ 2021 ఉదంతంలో దీనికి దక్కాల్సిన గౌరవం దక్కలేదని నా అభిప్రాయం.

2.4.49లోని 41773 లోపంతో దాడి సాగాలంటే, వెబ్‌సైటు ఫోల్డర్ల బయటి ఫైళ్లకు 'రిక్వైర్ ఆల్ డినైడ్' అనే వరుస లేకపోవాలి. అపాచీ తనంతట తాను ఇచ్చే కాన్ఫిగరేషన్‌లో మూల ఫోల్డరు మీద ఆ వరుస ఉంటుంది. 403 (అనుమతి లేదు) దోషం వస్తోందని విసుగుపడి, ఎక్కడో చదివిన చిట్కా ప్రకారం 'డినైడ్' తీసి 'గ్రాంటెడ్' పెట్టిన సర్వర్లకే ప్రమాదం. ఇప్పుడు ఆ వారాన్ని మళ్లీ చూడండి. ఆ వరుస చెక్కుచెదరకుండా ఉన్న సర్వర్ 2.4.49 మీద ఉన్నా ఈ దాడి నుంచి నిలబడింది. ఆ వరుస తీసేసిన సర్వర్ అక్టోబరు 4నే ప్యాచ్ వేసుకున్నా, 7 దాకా తెరిచే ఉంది. వాడని సీజీఐ మాడ్యూల్‌ను ఆపేసినవాళ్లకు, ఎంత చెడినా ఫైళ్లు చదివించుకోవడంతో పోయేది. ఆదేశాలు నడిపే దాకా వెళ్లేది కాదు.

2023 అక్టోబరులో వచ్చిన, బ్రౌజరూ సర్వరూ మాట్లాడుకునే పద్ధతి హెచ్‌టీటీపీ/2లోని ర్యాపిడ్ రీసెట్ లోపం, సీవీఈ-2023-44487, దీనికి మరో రుజువు. కోరికలు (రిక్వెస్టులు) పంపి వెంటనే రద్దు చేస్తూ సర్వర్‌ను అలసిపోయేలా చేసే దాడి అది. మరో వెబ్ సర్వర్ ఎన్‌జిన్ఎక్స్‌లో ఒక కనెక్షన్ మీద ఏకకాలంలో 128 స్ట్రీములు (నడుస్తున్న కోరికలు), మొత్తం 1000 కోరికలు అన్న డీఫాల్ట్ హద్దులను మార్చనివాళ్లకు చాలావరకు రక్షణ ముందే ఉంది. వేగం కోసమని ఆ అంకెలను భారీగా పెంచినవాళ్లే చిక్కుల్లో పడ్డారు. మరీ అత్యవసరమైతే హెచ్‌టీటీపీ/2ను ఆపేసినా సైటు పాత 1.1 మీద నడుస్తూనే ఉంటుంది.

కాబట్టి లోపం వార్త వచ్చిన గంటలో చేయాల్సింది కాన్ఫిగరేషన్ మార్పు, ఆ తరువాత చేయాల్సింది ప్యాచ్. ఒకటి చేశాం కదా అని రెండోది వదిలేయకూడదు. ఇలా పెట్టిన అడ్డుకట్టను ఎప్పుడు, ఎందుకు పెట్టారో ఆ ఫైల్లోనే రెండు వరుసల వ్యాఖ్యగా రాసి పెట్టండి. లేకపోతే ఆరు నెలల తరువాత ఎవరో అది అనవసరమని తీసేస్తారు.

ముందు నిలబెట్టే వెబ్ ఫైర్‌వాల్

మాడ్‌సెక్యూరిటీ అనే వెబ్ ఫైర్‌వాల్ నియమాలు గానీ, క్లౌడ్ కంపెనీల ఫైర్‌వాల్ గానీ సర్వర్ వెర్షన్ మార్చకుండానే దాడిని ముందే ఆపుతాయి. పాత సాఫ్ట్‌వేర్‌ను కదిలిస్తే ఏమి విరిగిపోతుందో తెలియని చోట ఇది ఊపిరి పీల్చుకునే సమయం ఇస్తుంది. అయితే ఇది చిల్లుపడ్డ కుండకు మైనం పూయడం లాంటిది. కొత్త కుండ వచ్చేదాకా మాత్రమే పనికొస్తుంది.

2.4.50ను మోసగించిన 42013 లోపం నేర్పింది కూడా ఇదే. అపాచీ సొంత కోడ్‌నే రెండుసార్లు చుట్టిన సంకేతం దాటేసింది. ఒక్క రూపాన్ని మాత్రమే వెతికే ఫైర్‌వాల్ నియమాన్ని అది దాటలేదని ఏ ధీమాతో చెప్పగలం? ఇంకో బలహీనత, మీ సర్వర్ అసలు ఐపీ చిరునామా బయటికి తెలిస్తే దాడి చేసేవాళ్లు ఫైర్‌వాల్‌ను పక్కనపెట్టి నేరుగా తలుపు తడతారు. ఆ కంపెనీ చిరునామాల నుంచి తప్ప మరెక్కడి నుంచీ కనెక్షన్ తీసుకోకుండా కట్టడి చేయకపోతే, నెలనెలా చెల్లించే రుసుములో సగం దండగే.

ఒక్క సందర్భంలో మాత్రం దీనికి పోటీ లేదు. ర్యాపిడ్ రీసెట్ దాడుల్లో గూగుల్ చూసిన గరిష్ఠ స్థాయి సెకనుకు 39.8 కోట్ల కోరికలు, క్లౌడ్‌ఫ్లేర్ చూసింది 20.1 కోట్లు. ఇలాంటి వరదను మీ సర్వర్‌కు ఏ ప్యాచ్ వేసినా అది తట్టుకోలేదు. పెద్ద నెట్‌వర్క్ ముందు ఉండాల్సిందే.

సర్వర్ మీ చేతిలో లేనప్పుడు

షేర్డ్ హోస్టింగ్‌లో కాలేజీ సైటో, దుకాణం సైటో పెట్టుకున్నవాళ్లకు పై దారుల్లో దాదాపు ఏదీ అందదు. హోస్టింగ్ కంపెనీకి సీవీఈ నంబరు రాసి, 'మా సర్వర్‌కు ఇది వర్తిస్తుందా, సవరణ ఎప్పుడు ఎక్కింది' అని అడగడమే మీ పని. రెండు రోజుల్లో సూటి జవాబు రాకపోతే ఆ మౌనాన్నే జవాబుగా తీసుకుని వేరే కంపెనీని వెతుక్కోవచ్చు.

మన ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబుల్లో విరివిగా కనిపించే ఎక్సాంప్ (అపాచీ, డేటాబేస్, పీహెచ్‌పీలను కలిపి ఇచ్చే మూట) సంగతి వేరు. అందులోని అపాచీని విడిగా అప్‌డేట్ చేసే సులువైన దారి లేదు, కొత్త మూట మొత్తం దించుకోవాలి. విండోస్ కోసం అపాచీ సంస్థ తానుగా కంపైల్ చేసిన ఫైళ్లు ఇవ్వదు కూడా. ఎక్సాంప్ నేర్చుకోవడానికి మంచిదే. దాన్ని పబ్లిక్ ఐపీ మీద పెట్టి ప్రవేశాల దరఖాస్తులు తీసుకోవడం మాత్రం మానుకోవాలి.

ఏది ఎంచుకున్నా మిగిలే పని

ప్యాచ్ డిస్క్ మీదికి చేరినా, నడుస్తున్న ప్రాసెస్ పాత లైబ్రరీని మెమరీలో పట్టుకునే ఉంటుంది. హార్ట్‌బ్లీడ్‌కు ఓపెన్ఎస్ఎస్ఎల్ మార్చి, వెబ్ సర్వర్‌ను రీస్టార్ట్ చేయని సర్వర్ లోపంతోనే నడిచింది. డెబియన్, ఉబుంటుల్లో నీడ్‌రీస్టార్ట్, రెడ్ హ్యాట్‌లో నీడ్స్-రీస్టార్టింగ్ అనే పనిముట్లు ఏ సేవను తిరిగి మొదలుపెట్టాలో చూపిస్తాయి. అపాచీకి మెల్లగా చేసే గ్రేస్‌ఫుల్ రీస్టార్ట్ ఇలాంటప్పుడు చాలదు. పూర్తిగా ఆపి మళ్లీ మొదలుపెట్టండి. ఎన్‌జిన్ఎక్స్‌లో కనెక్షన్లు తెగకుండా కొత్త ఫైలుకు మారే వీలుంది.

హార్ట్‌బ్లీడ్‌లో రీస్టార్ట్‌తోనూ కథ ముగియలేదు. ఒక్కో దాడిలో 64 కిలోబైట్ల దాకా మెమరీ బయటికి పోయేది కనుక, అందులో ప్రైవేట్ కీ (సైటు రహస్య తాళం చెవి) కూడా పోయి ఉండవచ్చని భావించి కొత్త కీలు, కొత్త సర్టిఫికెట్లు తీసుకోవాల్సి వచ్చింది. 41773 విషయంలోనూ అంతే. ప్యాచ్‌కు ముందు ఎవరైనా లోపలికి వచ్చి ఏదైనా పెట్టి వెళ్లి ఉంటే, ప్యాచ్ వారిని బయటికి పంపదు. లోపం ఉన్న వెర్షన్ ఎక్కించిన రోజు నుంచి ప్యాచ్ వేసిన రోజు దాకా ఉన్న లాగ్‌లలో శాతం గుర్తులతో నిండిన వింత చిరునామాల కోసం వెతకండి. వాటికి సర్వర్ 200 (అంటే అడిగింది ఇచ్చేశాను) అని జవాబిచ్చి ఉంటే, సర్వర్‌ను శుభ్రం చేయడానికి పూనుకోకుండా కొత్తది కట్టడమే మంచిది. దాడి జరిగిందని తేలితే, 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఆదేశాల ప్రకారం మన దేశంలోని సంస్థలు గమనించిన 6 గంటల్లో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలి.

నా ఎంపిక

ఒకరిద్దరు చూసుకునే సర్వర్‌కు: మద్దతు ఉన్న డిస్ట్రిబ్యూషన్, దాని సొంత ప్యాకేజీ, ఆటోమేటిక్ భద్రతా అప్‌డేట్లు, వాడని మాడ్యూళ్లన్నీ బంద్. ఇంతకు మించి ఖర్చు పెట్టే ముందు ఇవి ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఇమేజ్‌లు కట్టే క్రమం ఉన్న బృందానికి కంటైనర్. సొంత కంపైల్ మాత్రం, ఆ పని తెలిసినవాళ్లు కనీసం ఇద్దరుంటేనే. ఒకరు సెలవులో ఉన్న రోజునే విడుదల వస్తుంది. ఫైర్‌వాల్ వీటిలో దేనికైనా తోడుగా ఉండాలి, దేనికీ బదులుగా ఉండకూడదు.

రెడ్ హ్యాట్ కుటుంబంలోని సెంటోస్ 7 మీద ఇంకా సైటు నడుపుతున్నవాళ్లకు ఈ పోలిక పెద్దగా ఉపయోగపడదు. 2024 జూన్ 30తో దానికి ఉచిత భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. అప్‌డేట్ ఆదేశం నడిపినా కొత్త సవరణలేవీ రావు. డబ్బు కట్టి పొడిగింపు మద్దతు కొనుక్కోవచ్చు గానీ, అది తరలింపు పూర్తయ్యేదాకానే. అదే కుటుంబంలోని రాకీ, ఆల్మా లాంటి వాటి కొత్త విడుదల మీద వేరే సర్వర్ నిలబెట్టి, పాత కాన్ఫిగరేషన్‌ను యథాతథంగా కాపీ కొట్టకుండా, అందులో ఎక్కడ 'గ్రాంటెడ్' కనిపించినా అది ఎందుకు ఉందో తెలుసుకుంటూ ఒక్కో వరుసా మార్చుకోండి.